పట్టా ఒకరిది, దాహము మరొకరిది

హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు దారిలో, రోడ్డునకు ఇరుప్రక్కల గొడుగులు పట్టినట్లున్న ముసలి మర్రిచెట్ల సందులనుండి చూచువారికి, మొయినాబాదు పరిసరముల భూములలో ఒక విచిత్రమైన పొత్తు కానవచ్చును. ఒకచోట గులాబితోటయో టమాటమడియో యుండును. దాని గట్టు నానుకొని నిలువెత్తు ప్రహరీయు, ఇనుపగేటును, లోపల ఈతకొలనును గల ఫామ్‌హౌస్ యుండును. మరి నాలుగడుగులు పోగా పెండ్లిండ్లకు అద్దెకిచ్చు ఫంక్షన్ హాలు దీపతోరణములతో వెలుగుచుండును. ప్రభుత్వపు కాగితమును ముందుంచుకొని చూచినచో, ఈ మూడింటిలో తలయెత్తుకొని నిలువగలది టమాటమడి యొక్కటియే. అయినను ఆ కాగితమువలన నష్టపడినదియు అదియొక్కటియే. ఆ కాగితమే 111వ నంబరు జీవో. ఆ పల్లెలలో చదువురానివారు సైతము దానిని ‘త్రిబుల్ వన్’ అని పిలుతురు.

దాని మూలము తెలియవలెనన్న 1908 సెప్టెంబరు 28వ తేదీకి పోవలెను. ఆనాడు మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది ప్రాణములను కొనిపోయినది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి 150 మంది బ్రదికిరని ఇప్పటికిని చెప్పుకొందురు. ఆ ఘోరము మరల రాకుండ ఉపాయము చెప్పుమని నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పింపగా, వరదను నగరమునకు ఎగువననే పట్టియుంచు జలాశయములు కట్టవలెనని ఆయన సూచించెను. ఆ ప్రకారము మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరును, దాని ఉపనది యగు ఈసీపై 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి. మొదటిది జనుల నోట గండిపేటయై, ఆ నీరు త్రాగినవాడు ఊరు విడిచి పోజాలడను నానుడిని కూడ సంపాదించుకొన్నది. వరదను ఆపుట, దాహము తీర్చుట అని ఈ చెరువులకు పనులు రెండు. అందు రెండవదానినే తలచుకొనుచు మొదటిదానిని మరచిన వైనమును ముందు చెప్పెదను.

చెరువుకట్ట సర్కారుది, చెరువులో నిలిచిన నీరు సర్కారుది. ఆ నీటిని చెరువులోనికి పంపు నేల మాత్రము రైతులది. చిక్కంతయు ఇక్కడనే కలదు. నగరము పడమటికి ప్రాకుచుండగా, ఆ నేలపై కర్మాగారములును కాలనీలును వెలసినచో వాని మురుగు త్రాగునీట కలియునని భయపడి ప్రభుత్వము 1996 మార్చి 8న ఆ ఉత్తర్వును వెలువరించినది. రెండు జలాశయముల పూర్తి నీటిమట్టమునుండి 10 కిలోమీటర్ల మేర కాలుష్యము కలిగించు పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాసపు కాలనీలు కూడవు. అచటి భూమిలో 90 శాతము సేద్యమునకును, విహారస్థలములకును, సంరక్షణకును విడువవలెను. లేఅవుటు వేసినచో 60 శాతము ఖాళీస్థలమునకును రోడ్లకును పోవలెను. కట్టడపు అంతస్తులన్నిటి వైశాల్యమును కూడినను స్థలములో సగమునకు మించరాదు. 84 గ్రామములు, సుమారు 1,32,000 ఎకరములు ఈ గీతలోపల చిక్కినవి.

ఈ కట్టడి న్యాయమైనదేనా? న్యాయమైనదేయని సుప్రీంకోర్టు పలికినది. శంషాబాదు మండలము పెద్దషాపూరులో ఒక నూనెల కర్మాగారము పెట్టదలచినవారు, తమ భూమిలో తాము వ్యాపారము చేసికొనుటకు అడ్డేమని వాదింపగా, రాష్ట్ర ప్రభుత్వము 1997లో తాను గీసిన గీతను తానే చెరిపి వారికి మినహాయింపు నిచ్చెను. ఆ మినహాయింపుపై నడచిన వ్యాజ్యమున 1999లోను, మరల 2000లోను తీర్పులు వ్రాసిన జస్టిస్ మామిడన్న జగన్నాథరావుగారు మన తెలుగువారే. లక్షలమంది త్రాగు నీటికి ముప్పులేదని ఋజువు చేయవలసిన భారము కర్మాగారమువానిదేగాని ముప్పు కలదని చూపవలసిన భారము ప్రజలది కాదనియు, అట్టి మినహాయింపు నిచ్చు అధికారము ప్రభుత్వమునకును లేదనియు ధర్మాసనము నిర్ణయించెను. ఒకరి సొత్తుపై మరొకరి దాహమునకు ఇంత హక్కు కలదని స్పష్టముగా చెప్పిన తీర్పులు మన దేశములో తక్కువ.

‘నా నేల నా ఇష్టము’ అను మాట మన పల్లెలలో ఏనాడును సంపూర్ణముగా చెల్లలేదు. తెలంగాణములో శిఖం పట్టా యనునది కలదు: చెరువు కడుపులోని నేలకు పట్టాదారుడుండును, అతడు నీరు తీసిన నెలలలో దున్ని పంట తీసికొనును, కాని మట్టి పోసి పూడ్చుటకు అతనికి హక్కు లేదు. స్వామ్యమును, దానికి హద్దును ఒకే కాగితముపై వ్రాసియుంచిన వ్యవస్థ యది. అయితే శిఖం నేలను కొనువాడు దాని గుణమెరిగి, దానికి తగిన వెలయే ఇచ్చి కొనును. 84 గ్రామముల రైతుకు మాత్రము తాతలనాటి పట్టాపై ఒక ఉదయమున సగము హక్కు ఎగిరిపోయినది. అతడు తక్కువ వెలకు కొన్నవాడు కాడు, ముందుగా తెలిసినవాడును కాడు.

ఇట్టి పేచీ కొత్తదియు కాదు, మనది మాత్రమేయును కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లండ్ నగరము చెంతనున్న యూక్లిడ్ గ్రామమువారు, తమ ఊరు ఫ్యాక్టరీల పొగలో మునుగునను భయముతో, ఏ వీధిలో ఇండ్లు, ఏ వీధిలో దుకాణములు, ఎచ్చట పరిశ్రమలు అని 1922లో ఊరిని భాగములుగా విభజించిరి. అచట 68 ఎకరములుగల ఆంబ్లర్ రియల్టీ అను సంస్థ, పరిశ్రమలకు అమ్మినచో ఎకరమునకు 10,000 డాలర్లు పలుకు భూమి ఇండ్లకు పరిమితమగుటచే 2,500 డాలర్లకు దిగజారెనని కోర్టు కెక్కెను. 1926లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరొకవైపుగా విడిపోయి గ్రామమునకే జయమిచ్చెను. నేడు లోకములో నగర ప్రణాళిక అను పేర జరుగు పనికి చట్టబలము చేకూర్చిన తీర్పులలో అది మొదటి వరుసలోనిది. ఒక్క భేదము గమనింపదగినది: యూక్లిడ్‌లో హద్దులు గీచినది ఆ ఊరి జనులు ఎన్నుకొన్న మండలి, వారు కాచుకొన్నది తమ ఊరినే. గండిపేట కథలో గీత గీచినది సచివాలయము. కట్టడి పల్లెకు, లాభము నగరమునకు.

మన రాజ్యాంగము ఈ విషయమున చెప్పినదొకటి, జరుగుచున్నదొకటి. 1992 నాటి 74వ సవరణతో చేర్చిన పన్నెండవ షెడ్యూలులో మొట్టమొదటి అంశము పట్టణ ప్రణాళిక, రెండవది భూమి వినియోగమును కట్టడములను నియంత్రించుట. ఈ రెంటిని పురపాలక సంఘముల కప్పగింపదగునని అందు కలదు. హైదరాబాదు చుట్టుప్రక్కల మాస్టర్ ప్లాను వ్రాయునది మాత్రము 1975లో హుడాగా పుట్టి 2008లో హెచ్‌ఎండీఏగా పెరిగిన సంస్థ. దానికి అధ్యక్షులు సాక్షాత్తు ముఖ్యమంత్రిగారే. సర్పంచునకు వీధిదీపముల లెక్క చూచుటయే మిగిలినది. కావున మన యొద్ద భూస్వామికిని స్థానిక ప్రభుత్వమునకును తగవనునప్పుడు, ఆ రెండవ కక్షిదారు తరచుగా స్థానికుడు కాడని పాఠకులు గ్రహింపవలెను.

ఇక అసలు గాయము. సర్కారు రైతు భూమిని రోడ్డుకొరకో కాలువకొరకో తీసికొన్నచో, 2014 జనవరి 1 నుండి అమలులోనున్న భూసేకరణ చట్టము ప్రకారము, పల్లెలలో మార్కెట్టు విలువను రెట్టింపువరకు హెచ్చించి, ఆ మొత్తమునకు మరి నూరుశాతము సొలేషియము, అనగా ఊరటసొమ్ము, చేర్చి ఇయ్యవలసియుండును. ఆ సర్కారే, “నేల నీది, పట్టా నీది, హాయిగా దున్నుకొనుము, కాలనీకి మాత్రము అమ్మకుము” అన్నచో ఒక్క రూపాయియు ఇయ్యనక్కరలేదు. ఏలయన చట్టము దృష్టిలో మొదటిది హరణము, రెండవది నియమము. ఆస్తిహక్కు ఒకనాడు ప్రాథమికహక్కు. 1978 నాటి 44వ సవరణచే అది ఆ పీఠమునుండి దిగి 300-ఏ అధికరణములో సామాన్యమైన రాజ్యాంగ హక్కుగా కూర్చున్నది. చట్టబలము లేక ఎవ్వరి ఆస్తియు లాగికొనరాదని ఆ అధికరణము చెప్పును గాని, లాగికొనక కట్టివేసినచో ఏమగునో చెప్పదు. గీతకు ఆవలి గ్రామమున ఎకరమమ్మి కొడుకును విదేశములకు పంపిన మేనమామను చూచుచు, గీతకు ఈవల అదే విస్తీర్ణము గలిగి బిడ్డ పెండ్లికి అప్పు చేయు రైతునకు, ఈ హరణ నియమముల భేదమును నచ్చజెప్పగల పండితుని నేనెరుగను.

కట్టడి అందరిపైనను సమముగా నడచియున్నను కొంత ఊరట యుండెడిది. అట్లు జరుగలేదు. అవసరము ముంచుకొనివచ్చిన రైతు ఎకరమును చౌకగా అమ్మును. కొన్నవాడు ఓపికయు పలుకుబడియు గలవాడు గనుక ప్రహరీ కట్టి, చెట్లు నాటి, పిదప ఇల్లు కట్టి, పిదప విందులు చేయును. నోటీసు వచ్చినచో స్టే తెచ్చుకొనును. చట్టమునకు లొంగినవానిని దండించి లొంగనివానిని పోషించు నియమము, అది ఎంత సదుద్దేశముతో పుట్టినదైనను, చిరకాలము నిలువదు.

నిలువలేదు కూడ. 2022 ఏప్రిల్ 12న ప్రభుత్వము 69వ నంబరు జీవోతో ఆ కట్టడులను సడలించెను. మరుసటి యేడు మేలో 111ను పూర్తిగా తొలగింప నిశ్చయించినట్లు మంత్రివర్గము ప్రకటించెను. నగరమునకు ఇప్పుడు కృష్ణా గోదావరుల నీరు వచ్చుచున్నదనియు, జంట జలాశయములనుండి అందునది అతిస్వల్పమనియు చెప్పిన కారణము. లెక్క నిజమే. కాని విశ్వేశ్వరయ్యగారు ఆ చెరువులను తొలుత తలపెట్టినది కుళాయిలకొరకు కాదు. 2020 అక్టోబరు వానలలో హిమాయత్‌సాగరు గేట్లెత్తినప్పుడు దిగువ బస్తీలవారికి ఆ సంగతి ఎవరును చెప్పనక్కరలేకయే తెలిసినది. వాననీటిని పీల్చుకొను చేను స్థానమున సిమెంటు పరచినచో, ఆ నీరు చెరువునకు ఇప్పటికంటె వడిగాను, ఒక్కపెట్టునను చేరును. కృష్ణాజలము దాహమును తీర్చగలదు గాని మూసీ వరదను ఆపలేదు. అందుచే కట్టడి పోవలెనను వాదము నాకు సమ్మతము కాదు. అది ఉచితముగా సాగవలెనను వాదమును అంతకంటె సమ్మతము కాదు.

మరి ఆ వెల ఎవరిచ్చుట? దీనికి న్యూయార్కు నగరము చూపిన దారి మనకు మిక్కిలి దగ్గరగానున్నది. ఆ నగరము కాట్‌స్కిల్ కొండల వాగులకు కట్టలు వేసి, రెండువందల కిలోమీటర్ల దూరమునుండి సైతము నీరు తెచ్చుకొనును. అందు అశోకాన్ అను జలాశయము గండిపేటకు కొంచెము ముందుగా, 1907నుండి 1915వరకు కట్టినది. దానిక్రింద పల్లెలు మునిగి రెండువేలమంది నిలువ నీడ కోల్పోయిరి. 1990 ప్రాంతమున ఆ కొండప్రాంతపు పొలములపై కొత్త కట్టడులు విధింప నగరము చిత్తుప్రతి వ్రాయగా, పాతగాయము మానని రైతులు ఎదురుతిరిగిరి. నీటిని వడపోయుటకు యంత్రాగారము కట్టుకొందమన్న కొన్నివందలకోట్ల డాలర్ల వ్యయము. అంతట నగరము పల్లెలతో కూర్చుండి బేరమాడినది. 1997 జనవరిలో కుదిరిన ఒడంబడికప్రకారము నగరము, అమ్మగోరినవారి భూమినే బజారువెలకు కొనవలెను. కొన్న భూమికి ఆ ఊళ్లకు పన్ను కట్టవలెను. రైతుల పశుశాలలను, ఇండ్ల మురుగుతొట్లను తన సొమ్ముతో బాగుచేయింపవలెను. పల్లెలకు సంతోషమే కలిగెనని చెప్పజాలను, సణుగుడు ఉన్నదే. అయినను ఆ నగరము నేటికిని ఆ కొండలనీటిని వడపోతయంత్రము లేకయే త్రాగుచున్నది.

మనకు అంత దూరము పోనక్కరలేని సాధనమొకటి చేతనే కలదు. హైదరాబాదులో రోడ్డు వెడల్పునకు స్థలము విడిచినవానికి రొక్కమునకు బదులు టీడీఆర్ అను పత్రము నిత్తురు. దానిని బిల్డరున కమ్మినచో అతడు మరొకచోట అదనపు అంతస్తు కట్టుకొనును. తన చేనిని చేనుగానే యుంచిన ఎగువరైతునకు ఏటేటా అట్టి పత్రమో, నీటిబిల్లునుండి తీసిన రుసుమో అందినచో, ఆ 84 గ్రామములలో గీతకు కాపలాదారు రైతే యగును. గీత ఎక్కడ పడవలెనో చెప్పునప్పుడు ఆ గ్రామసభల మాట కూడ వినినచో ఇంకను మేలు.

ఈలోపల, ఆ దిక్కున గజములలెక్కన స్థలము కొనదలచిన పాఠకులకు ఒక మాట. పట్టా, పాసుపుస్తకము సరిగానున్నవని తృప్తిపడకుడు. పూర్తి నీటిమట్టపు పటమును అడిగి చూడుడు. 10 హెక్టార్లు మించిన చెరువైనచో ఆ మట్టపు అంచునుండి 30 మీటర్లు విడువవలెనని 2012 నాటి భవననిర్మాణ నియమములలో కలదు. త్రిబుల్ వన్ సడలినను ఆ నియమము సడలలేదు.