మడ అడవికి చేపముల్లు కాలువలు

పిల్లలూ, వానాకాలంలో భద్రాచలం దగ్గర గోదావరిని చూశారా? నీరు ఎర్రగా, చిక్కగా వుంటుంది. ఖమ్మం, భద్రాచలం అడవుల్లో కురిసిన వాన కొండమట్టిని కడుగుతూ వాగుల్లో పడుతుంది. ఆ వాగులు కిన్నెరసానిలోనూ, శబరిలోనూ కలుస్తాయి. అవి గోదావరిలో కలుస్తాయి. గోదావరి ఆ మట్టిలో కొంత దారిలో వదిలి, మిగిలినది సముద్రానికి చేరుస్తుంది.

సముద్రంలో పగడపు దిబ్బలుంటాయని మీరు చదివే వుంటారు. పగడపు జీవులు చాలా చిన్నవి. అవి వేల సంవత్సరాలుగా కట్టుకున్న సున్నపు గూళ్ళే ఆ దిబ్బలు. వాటికి వెచ్చని, ఉప్పని, తేట నీరు కావాలి. లక్షద్వీపాల్లోనూ, అండమాన్ దీవుల్లోనూ అలాటి నీరు వుంది. గోదావరి కలిసేచోట సముద్రం బురదగా వుంటుంది గనక అక్కడ పగడపు దిబ్బలు పెరగవు.

మరి అక్కడ చేపపిల్లలకు నీడ ఏది? అలలకు అడ్డం ఏది? ఆ రెండు పనులూ మడ అడవి చేస్తుంది. గోదావరి తెచ్చిన బురదలోనే మడచెట్లు వేళ్ళూనుతాయి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యం చేశారు. దాని వైశాల్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

అయితే, మడచెట్లను నరికిన కొన్ని చోట్ల అడవి మళ్ళీ మొలవలేదు. శాస్త్రజ్ఞులు కారణం వెతికారు. చెట్లు పోయిన నేల ఎండి కుంగిపోయింది. పోటుకు వచ్చిన సముద్రపు నీరు ఆ పల్లంలో నిలిచి ఆవిరైపోయేది. ఉప్పు మాత్రం మిగిలేది. అంత ఉప్పులో విత్తనం ఎలా బతుకుతుంది?

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు 1990ల నుంచి కలిసి ఇందుకు విరుగుడు చేశారు. నడుమ పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లే! పోటుకు నీరు లోపలికి వస్తుంది, ఆటుకు ఉప్పును కడుక్కుని పోతుంది. ఆ కాలువల పక్కన నాటిన మొక్కలు బతికాయి.

మన్నారు సింధుశాఖలో శాస్త్రజ్ఞులు పగడపు ముక్కలను సిమెంటు దిమ్మెల మీద నాటి పెంచుతున్నారు. అక్కడా ఇదే నీతి: జబ్బు తెలిస్తేనే మందు పనిచేస్తుంది.

ఇంకొక్క మాట. తవ్విన కాలువలు ఊరికే వుండవు, బురదతో పూడుకుపోతాయి. పూడిక తీస్తూ వుండకపోతే ఉప్పు మళ్ళీ పేరుకుంటుంది. భద్రాచలం ముందు పారే ఎర్రనీరే మడచెట్టుకు నేల ఇస్తుంది. దాని కాలువను పూడ్చేదీ ఆ మట్టే. అందుకే ఆ అడవికి శాస్త్రజ్ఞుడి తెలివి ఎంత అవసరమో, పార పట్టే గ్రామస్థుడి చేయీ అంతే అవసరం.