తేట నీటిలో కనపడని విషం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల మీద, మూడు వేల మీటర్లకు పైఎత్తున లెడ్‌విల్ అనే ఊరుంది. పేరుకు అర్థం ‘సీసం ఊరు’. 1860లో ఆ పక్కనే కాలిఫోర్నియా గల్చ్ అనే వాగులోయలో బంగారం దొరికింది. తరవాత వెండి, సీసం, జింకు కోసం కొండలను గుల్ల చేశారు. గనుల్లో ఊరే నీటిని బయటికి పంపడానికి 1895లో యాక్ సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. ఆ నీరంతా వాగులో పడి, దిగువన ఆర్కన్సా నదిలో కలిసేది. 1983లో, మళ్లీ 1985లో సొరంగంలోంచి మురుగు ఒక్కసారిగా తన్నుకొచ్చి నది నారింజ రంగుకు తిరిగింది.

ఆ రంగు తుప్పుది. గని రాళ్లలో పైరైటు ఉంటుంది. ఇనుము, గంధకం కలిసిన ఖనిజమది. కొండ కడుపులో పడి ఉన్నంతకాలం దానితో పేచీ లేదు. గాలి, నీరు తగిలితే మాత్రం గంధకామ్లం పుడుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు ఆ పనిని ఎన్నో రెట్లు వేగిరపరుస్తాయి. ఆమ్లం రాళ్లలోని జింకు, కాడ్మియం, రాగి, సీసాలను కరిగించి నీటిలోకి దింపుతుంది. వాగులో ఆమ్లం పలచబడేసరికి ఇనుము తుప్పుగా పేరుకుని, రాళ్ల మీది నాచునూ చేప గుడ్లనూ కప్పేస్తుంది. తుప్పును చూసి జనం హడలిపోతారు. అద్దంలాంటి తేట నీటిలోనూ దాగి ఉండగల జింకు, కాడ్మియం అంతకన్నా ప్రమాదం.

చేప మొప్పలతో ఊపిరి పీల్చుకుంటుంది, నీటిలోని లవణాలనూ తీసుకుంటుంది. కాల్షియం లోపలికి వెళ్లే దారికి జింకు, కాడ్మియం అడ్డుపడతాయి. సోడియం దారిని రాగి మూస్తుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే చేపకు కొంత రక్షణ. కొండవాగుల్లో పారేది ఎక్కువగా మంచు కరిగిన నీరు, అందులో లవణాలు తక్కువ. కనుక లవణాలున్న నీటిలో చేప తట్టుకోగల మోతాదే ఇక్కడ ప్రాణం తీయవచ్చు.

చేపకన్నా ముందు పురుగులు పోతాయి. మేఫ్లై అనే సన్నని రెక్కల కీటకం బతుకులో ఎక్కువ భాగం పిల్లపురుగుగా నీటి అడుగునే గడుపుతుంది. రాళ్ల మీది జిగురు పాచి తింటుంది. ఆ పాచి లోహాలను పోగుచేసుకుని ఉంటుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన విలియం క్లెమెంట్స్ 1989 నుంచి ఏళ్ల తరబడి ఆర్కన్సా నదిలో ఈ పురుగులను లెక్కపెడుతూ వచ్చారు. కొద్దిరోజుల ప్రయోగశాల పరీక్షలో బతికి బయటపడే మేఫ్లైలు, అంతకన్నా తక్కువ లోహమున్న వాగుల్లో మాయమవుతాయి. పరీక్షకు పెట్టేవి సాధారణంగా బాగా ఎదిగిన పిల్లపురుగులు. గుడ్డులోంచి అప్పుడే వచ్చినవి చాలా సున్నితం. ఈ తేడా పట్టించుకోకుండా ‘సురక్షిత మోతాదు’ నిర్ణయిస్తే వాగుకు అన్యాయం చేసినట్టే.

నష్టం గట్టు కూడా దాటుతుంది. రెక్కలొచ్చి పైకెగిరే పురుగులు తగ్గితే, ఒడ్డున గూళ్లు అల్లే సాలీళ్లకు తిండి కరువు. కొలరాడో గనుల ప్రాంతంలో విల్లో మొక్కలు నేలలోని కాడ్మియాన్ని లాక్కుంటాయి. వాటిని తినే టార్మిగన్ పక్షుల మూత్రపిండాలు దెబ్బతిని, ఎముకలు బలహీనపడుతున్నాయని 2000లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది.

1992లో లెడ్‌విల్ దగ్గర గని నీటిని శుద్ధిచేసే రెండు కేంద్రాలు పని మొదలుపెట్టాయి. నదిలోకి మేఫ్లైలు తిరిగొచ్చాయి. అంతకుముందు మూడేళ్లు దాటి బతకడమే అరుదైన బ్రౌన్ ట్రౌట్ చేపలు ఇప్పుడు పెద్దవయసు దాకా ఎదుగుతున్నాయి. 2014లో ఆ నదిలో 102 మైళ్ల భాగాన్ని రాష్ట్రం ‘గోల్డ్ మెడల్’ ట్రౌట్ జలాలుగా ప్రకటించింది. కొండ లోపల పైరైటుకు నీరూ గాలీ తగులుతూనే ఉన్నాయి. అందుకే ముప్పై ఏళ్లు దాటినా గని నీటి శుద్ధి అక్కడ ఆగలేదు.