సైకిలు సామాను ఫోన్లో కొంటున్నారా? ముందు చదవండి!



మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. మా అయ్యకి సంతకం వచ్చు. మా అన్నకి అంకెలు వచ్చు. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మా అన్న తన ఫోను నా చేతికిచ్చి, "నువ్వు చదువుకున్న గుంటవి కదా, సైకిలుకి బ్రేకు రబ్బర్లు చూసి పెట్టు" అన్నాడు. షాపులో ఒక జత ధరకి ఫోన్లో మూడు జతలు కనబడ్డాయి. మీద పేరున్న కంపెనీ ముద్ర ఉంది. నేను బొమ్మ చూశాను, ధర చూశాను, ఆర్డరు పెట్టేశాను.

అవి బిగించిన మూడో రోజు మా అన్న సంతకి పోతూ మా ఊరి దిగుడులో బ్రేకు నొక్కాడు. చక్రం ఆగలేదు. మలుపులో రాళ్ల మీద పడ్డాడు. మోకాలికి ఆరు కుట్లు పడ్డాయి. ఇరవై రోజులు కూలికి వెళ్లలేదు. సైకిళ్లు బాగుచేసే మావయ్య ఆ రబ్బరుని గోరుతో నొక్కి చూపించాడు. "ఇది రబ్బరు కాదమ్మా, ప్లాస్టిక్కు లాగ గట్టిగుంది. రిమ్ముని పట్టుకోదు, జారిపోతాది" అన్నాడు. దాని మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పు. ఫోన్లో బొమ్మ మళ్లీ తీసి పెద్దది చేస్తే అందులోనూ అదే తప్పు ఉంది. చదువు వచ్చిన నేనే చదవలేదు. మా అన్న నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఎక్కువ బాధ వేసింది. తరవాత టీచరు గారిని, మావయ్యని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

నకిలీ అంటే ఏమిటి?
చవక వస్తువు వేరు, నకిలీ వస్తువు వేరు. చిన్న కంపెనీ తన సొంత పేరుతో అమ్మితే అది చవక వస్తువు. వేరే కంపెనీ పేరు దొంగిలించి అమ్మితే అది నకిలీ. మన దేశంలో సైకిలు సామాను ఎక్కువగా పంజాబులోని లూధియానాలో తయారవుతుంది. మంచి కంపెనీకి పేరు పోతుందని భయం ఉంటుంది. నకిలీ చేసేవాడికి పోయేది ఏమీ లేదు, పేరు తనది కాదు కదా!

షాపింగు యాప్ అంటే సంత లాంటిది. సంత పెట్టినవాళ్లు వేరు, అందులో దుకాణం వేసినవాళ్లు వేరు. యాప్ పేరు పెద్దదని నమ్మకూడదు. అమ్మేది ఎవరో చూడాలి.

కొనే ముందు చూడవలసినవి
1. అమ్మేవారి పేరు, చిరునామా చదవాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ వివరాలు చూపించాలి. కంపెనీ సొంత వెబ్‌సైటులో కొంటే ఇంకా మంచిది.
2. బొమ్మని వేళ్లతో పెద్దది చేసి, కంపెనీ పేరు ఒక్కొక్క అక్షరం చదవాలి.
3. షాపు ధర ముందు తెలుసుకోవాలి. దానికి సగం కూడా లేకపోతే అనుమానించాలి.
4. ఐదు చుక్కలు ఇచ్చినవాళ్ల మాటలు కాదు, ఒక్క చుక్క ఇచ్చినవాళ్ల మాటలు, వాళ్లు పెట్టిన ఫోటోలు ముందు చూడాలి.
5. పాత టైరు పక్కన రాసి ఉన్న సైజు చూసి రాసుకోవాలి. పెద్ద సైకిళ్లకి ఎక్కువగా 28 x 1½, ఆడవాళ్ల సైకిళ్లకి 26 x 1⅜ ఉంటుంది.

వచ్చిన తరవాత
ప్యాకెట్టు విప్పేటప్పుడు వీడియో తియ్యాలి. ప్యాకెట్టు మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు నంబరు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని దగ్గర సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది. అది నిజమో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు.

చైను అయితే మన స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకి అర అంగుళం ఉంటుంది. కాబట్టి 12 అంగుళాల స్కేలుకి 24 ఖాళీలు సరిగ్గా సరిపోవాలి. స్కేలు దాటి పోతే అది అరిగిన పాత చైను, లేకపోతే సరిగ్గా చెయ్యని చైను.

ఇవన్నీ చూశాకే బిగించాలి. బిగించి వాడిన వస్తువు వెనక్కి తీసుకోమంటే కష్టం. బ్రేకు రబ్బర్లు అయితే ముందు చదును నేల మీద మెల్లగా తొక్కి చూడాలి. దిగుడులో పరీక్ష చెయ్యకూడదు.

మోసపోతే
గడువు లోపల వాపసు పెట్టాలి. యాప్‌లో ఫిర్యాదు రాయాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి అని నిబంధన ఉంది. వాళ్లు పలక్కపోతే 1915 నంబరుకి ఫోను చెయ్యాలి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఓటీపీ మాత్రం ఎవరు అడిగినా చెప్పకూడదు.

మనలో చాలామంది ఇళ్లలో ఫోను అందరికీ తెలుసు, చదవడం మాత్రం మనకే తెలుసు. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు ఎవరైనా ఫోను ఇచ్చి "చూసి పెట్టు" అంటే, నాలాగ బొమ్మ చూసి పెట్టకండి. చదివి పెట్టండి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. కూరగాయలు తెచ్చే మన హాస్టల్ సైకిలుకి వెనక బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయి. నేను చూశాను. దయచేసి మార్పించండి. ప్యాకెట్టు నేను చదివి పెడతాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని