రిసాలా చిత్రాలు: చూపినది, చూపనిది

చరిత్రకు ఆధారాలు శాసనాలు, నాణేలు, దస్తావేజులు మాత్రమే కావు. చిత్రాలు కూడ ఆధారాలే. ఆంగ్లేయుల పాలనాకాలంలో లండను నగరంలో అచ్చయిన భారతీయ అశ్వికుల చిత్రాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఎత్తయిన తలపాగా, కోరమీసం, చేత బల్లెం, కదను త్రొక్కే గుర్రం చూపరులను ఇట్టే ఆకర్షిస్తాయి. ఆ అందాన్ని మెచ్చుకొనడంలో తప్పు లేదు. కాని చరిత్ర విద్యార్థి అంతటితో ఆగరాదు. ఈ బొమ్మను ఎవరు వేశారు, ఎవరి కొరకు వేశారు, ఎవరిని విడిచిపెట్టారు అని ప్రశ్నించవలెనని మా అభిప్రాయం.

మొదట మాటలను గమనింతము. అశ్వదళం రిసాలా, అందలి రౌతు సవారు, అధికారులు దఫేదారు, జమేదారు, రిసాల్దారు. ఈ అరబ్బీ, పారశీక పదాలు ఉర్దూ ద్వారా మన వాడుకలోనికి వచ్చినవే. గోలకొండలోను, బొల్లారంలోను ఉన్న రిసాలా బజారులు ఆనాటి గుర్తులే. నాడు చాలా దళాలలో సిలాదారీ పద్ధతి ఉండేది. అనగా గుర్రం, జీను, దుస్తులు రౌతు తన ఖర్చుతో సమకూర్చుకొనవలెను. అందుకు తగిన జీతం సర్కారు ఇచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఈ పద్ధతి రద్దయినది. చిత్రంలో మెరిసే ఆ వేషం చాలవరకు రౌతు సొంత సొమ్ముతో కొన్నదే అన్నమాట.

ఇక చిత్రముద్రణ సంగతి. 1840ల దశకంలో లండనులోని ఆకెర్‌మన్ సంస్థ హెన్రీ మార్టెన్స్ గీసిన భారతీయ సైనికుల చిత్రాలను అచ్చువేసింది. ఆనాటి పద్ధతిలో లోహపు రేకుపై చెక్కిన బొమ్మను కాగితంపై అచ్చుతీసి, తరువాత ఒక్కొక్క ప్రతికి చేతితో రంగులు అద్దేవారు. కావున ఒకే చిత్రపు రెండు ప్రతులలో రంగుల ఛాయ భిన్నంగా ఉండవచ్చును. ఒక్క ప్రతిని చూచి ఫలానా దళం వారి కోటు రంగు ఇదే అని తీర్మానించరాదు.

దుస్తుల మార్పు వెనుక రాజకీయం కూడ ఉన్నది. 1857కు పూర్వం కుంపిణీవారి క్రమబద్ధ అశ్వదళాలకు ఐరోపా తరహా బిగుతు కోట్లు తొడిగించేవారు. 1803లో జేమ్స్ స్కిన్నర్ నెలకొల్పిన పసుపు కోట్ల దళం వంటివి మాత్రం దేశీయ వేషంలో ఉండేవి. 1857 ఏప్రిల్ 24న మీరట్‌లో 3వ బెంగాలు అశ్వదళానికి చెందిన 85 మంది తూటాలను ముట్టబోమన్నారు. ఆ సంవత్సరపు తిరుగుబాటులో బెంగాలు క్రమబద్ధ అశ్వదళాలు పదీ అంతరించినవి. తరువాత దేశీయ పద్ధతి దళాలే ప్రధానమైనవి. పొడవాటి కుర్తా, కమర్‌బంద్, కుల్లాపై చుట్టిన లుంగీ వారి వేషమైనది. ఇక్కడ లుంగీ అనగా తలకు చుట్టే వస్త్రం. మనం నడుముకు చుట్టుకొనేది కాదు. భుజాలపై కనబడే ఉక్కు గొలుసు అల్లిక కత్తివేటునుండి కాపుదలకై ఏర్పడినది. ఈ వేషం మన దేశానిదే. కాని ఏ దళానికి ఏ రంగు, ఎవరికి ఏ తలపాగా అని నిర్ణయించినది పాలకులు.

1911లో లండనులో ప్రచురితమైన 'ది ఆర్మీస్ ఆఫ్ ఇండియా' అను గ్రంథంలో ఈ ధోరణి స్పష్టంగా కనబడుతుంది. దానికి చిత్రకారుడు లోవెట్, రచయిత మాక్‌మన్, ఇరువురును సైన్యాధికారులే. ముందుమాట రాబర్ట్స్ సేనానిది. ఇతడు 1880లలో మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, దక్షిణాదివారు యుద్ధానికి తగరని వాదించినవాడు. కొన్ని జాతులే వీరజాతులనే ఆ సిద్ధాంతం వల్ల కుంపిణీ యుద్ధాలలో తరతరాలుగా పోరాడిన తెలుగువారికి సైన్యంలో చోటు తగ్గినది. సైన్యంలో చోటు తగ్గినప్పుడు చిత్రాలలోను తగ్గుట సహజమే. బొమ్మలో మనవాడు లేనంత మాత్రాన యుద్ధభూమిలో లేడని అనుకొనరాదు.

అట్టి చిత్రాల క్రింద దళం పేరు, కులం పేరు ఉంటాయి. మనిషి పేరు తరచుగా ఉండదు. దీనికి భిన్నంగా 1815 ప్రాంతంలో విలియం ఫ్రేజరు ఢిల్లీ చిత్రకారులచేత వేయించిన చిత్రాలలో పలువురు సామాన్య సైనికుల పేర్లు వ్రాసి ఉన్నవి. అక్కడ మనం చూచేది ఒక మనిషిని. అచ్చు చిత్రంలో చూచేది ఒక నమూనాను.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్పి ముగింతుము. నిజాం ఖర్చుతో, ఆంగ్లేయుల అజమాయిషీలో నడచిన సైన్యం హైదరాబాదు కంటింజెంటు. దాని ఖర్చుకై 1853లో బేరారును కుంపిణీవారికి అప్పగించవలసి వచ్చినది. అందలి అశ్వదళాలలో ఒకటి 1903లో 20వ దక్కన్ హార్స్ అయినది. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో ఆ దళం బల్లేలతో గుర్రాలపై దాడికి దిగినది. దాడికి ముందు కార్నాయ్ లోయలో వేచియున్న ఆ రౌతుల ఛాయాచిత్రం ఒకటి నేటికీ నిలిచి ఉన్నది. అందులో కవాతునాటి రంగులు లేవు. వారు ధరించినది ఖాకీ. పారశీకంలో ఖాక్ అనగా ధూళి.

రంగుల చిత్రం వేషాన్ని నేర్పుతుంది; ఛాయాచిత్రం వెలను గుర్తుచేస్తుంది. ఏ కచేరీ గోడమీదనో, ఏ గ్రంథాలయంలోనో ఇటువంటి బొమ్మ కంటబడినప్పుడు, విద్యార్థులారా, తలపాగాను చూచిన పిదప దాని క్రింది ముఖాన్ని కూడ చూడండి. అతని పేరేమిటని అడగండి. జవాబు దొరకకపోయినను, ఆ ప్రశ్నతోనే చరిత్ర అధ్యయనం ఆరంభమవుతుంది.