రాత్రి మూడుసార్లు లేస్తున్నారా? వయసు అని వదిలేయకండి
మగవారి ప్రొస్టేట్ సమస్యలు: రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

యాభై దాటిన మగవారి కోసం ఇది రాస్తున్నాం. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు కూడా చదవండి. ఎందుకంటే ఈ ఇబ్బంది ఉన్న పెద్దాయన తానుగా నోరు తెరిచి చెప్పడు. రాత్రి పదేపదే తలుపు చప్పుడు విని ముందు గమనించేది మీరే.

పెళ్లికి రమ్మంటే ఒంట్లో బాగాలేదంటాడు. బస్సు ఎక్కాలంటే వెనకాడతాడు. ఎండాకాలంలో కూడా నీళ్లు తాగడం తగ్గిస్తాడు. అడిగితే "వయసు మీద పడింది, ఇంతే" అంటాడు. లేదంటే వేడి చేసిందని నాలుగు రోజులు బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు తాగుతాడు. బార్లీ నీళ్లతో నష్టం లేదు. కానీ అసలు కారణం ప్రొస్టేట్ అయితే వాటితో అది తగ్గదు.

ప్రొస్టేట్ అంటే ఏమిటి?

మగవారికి మాత్రమే ఉండే చిన్న గ్రంథి ఇది. మూత్రాశయానికి సరిగ్గా కింద ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు అక్రోటు కాయంత ఉంటుంది. వీర్యంలో కొంత ద్రవం ఇక్కడే తయారవుతుంది. మూత్రం బయటికి వచ్చే గొట్టం ఈ గ్రంథి మధ్యలోంచి వెళుతుంది. ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుంది. గ్రంథి పెరిగితే మధ్యలో ఉన్న గొట్టం నొక్కుకుపోతుంది. పొలానికి నీళ్లు పెట్టే పైపును కాలితో తొక్కితే ధార ఎలా సన్నబడుతుందో, ఇదీ అంతే.

వయసుతో పాటు ఈ గ్రంథి పెరగడం సహజం. యాభై, అరవై ఏళ్ల మధ్య మగవారిలో దాదాపు సగం మందిలో ఎంతో కొంత పెరుగుదల కనిపిస్తుంది. అందరికీ ఇబ్బంది రాదు. వచ్చినవారికి మంచి చికిత్స ఉంది.

ఈ లక్షణాలు ఉన్నాయా, చూసుకోండి

• మూత్రం వెంటనే రాదు, కాసేపు నిలబడాలి
• ధార సన్నగా వస్తుంది, మధ్యలో ఆగి మళ్లీ వస్తుంది
• ముక్కితే తప్ప రాదు
• పోసి వచ్చాక కూడా ఇంకా మిగిలినట్టే ఉంటుంది
• రెండు గంటలు కాకముందే మళ్లీ వెళ్లాలి
• వచ్చిందంటే ఆపుకోలేరు
• రాత్రి నిద్రలో రెండు మూడుసార్లు లేవాలి

డాక్టర్ దాదాపు ఇవే ఏడు ప్రశ్నలు అడిగి మార్కులు వేస్తారు. మొత్తం 35. ఏడు లోపు వస్తే తేలిక, 8 నుంచి 19 వరకు మధ్యస్థం, 20, ఆపైన వస్తే ఎక్కువ. కాబట్టి సిగ్గుపడి తగ్గించి చెప్పకండి. మీరు చెప్పేదాన్ని బట్టే చికిత్స ఉంటుంది.

వెళ్లే ముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు నీళ్లు, టీ తాగారు, ఎప్పుడు మూత్రానికి వెళ్లారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. రాయడం రాకపోతే మనవడితో గీతలు పెట్టించండి. ఆ కాగితం డాక్టర్‌కు చాలా పనికొస్తుంది.

రాత్రి లేవడానికి కారణం ప్రతిసారీ ప్రొస్టేటే కాదు. షుగర్ ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. అందుకే వాడుతున్న మాత్రల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపకండి.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

మూత్రం పూర్తిగా బయటికి పోకుండా లోపల నిలిచిపోతే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, మూత్రాశయంలో రాళ్లు పడతాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పి లేకుండానే ఇదంతా జరగొచ్చు.

ఇంకొకటి, ఒక్కసారిగా మూత్రం ఆగిపోవడం. పొత్తికడుపు ఉబ్బి, భరించలేని నొప్పి వస్తుంది, చుక్క కూడా రాదు. అప్పుడు నీళ్లు తాగితే వస్తుందేమో అని ఇంకా తాగకండి, తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆస్పత్రికి వెళ్లండి. సన్నని గొట్టం వేసి మూత్రం తీస్తారు, నిమిషాల్లో ఉపశమనం వస్తుంది.

జలుబు మాత్రలతో జాగ్రత్త. ముక్కు దిబ్బడకు, జలుబుకు దుకాణంలో అడిగి కొనుక్కునే కొన్ని మాత్రలు, సిరప్‌ల వల్ల ప్రొస్టేట్ పెరిగినవారికి మూత్రం ఆగిపోవచ్చు. మీకు ఈ ఇబ్బంది ఉందని చెప్పాకే మందు తీసుకోండి.

ఇవి కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి:

• మూత్రంలో రక్తం
• చలి జ్వరంతో పాటు మూత్రంలో మంట, కింద నొప్పి (ఇది ప్రొస్టేట్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు, యువకులకూ వస్తుంది)

ఇది క్యాన్సరా?

చాలామంది ఆస్పత్రికి రాకపోవడానికి ఈ భయమే కారణం. గ్రంథి పెరగడం వేరు, క్యాన్సర్ వేరు. పెరిగిన గ్రంథి క్యాన్సర్‌గా మారదు. అయితే రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. పైగా క్యాన్సర్ మొదట్లో ఏ లక్షణమూ చూపించకపోవచ్చు. అందుకే డాక్టర్‌తో పరీక్ష చేయించుకోవాలి. తండ్రికి గానీ, అన్నదమ్ములకు గానీ ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. నడుములో, ఎముకల్లో తగ్గని నొప్పి ఉన్నా చెప్పండి.

పీఎస్ఏ అనే రక్త పరీక్ష చేయించమని డాక్టర్ చెప్పవచ్చు. అందులో అంకె ఎక్కువ వస్తే వెంటనే బెంబేలు పడకండి. గ్రంథి పెరిగినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఈమధ్య మూత్రపు గొట్టం వేసినా అది పెరుగుతుంది. రిపోర్టును డాక్టర్‌కే చూపించండి.

మలద్వారం నుంచి వేలితో చేసే పరీక్ష కూడా ఉంటుంది. ఇబ్బందిగా అనిపిస్తుంది, నిజమే. ఒక నిమిషం కూడా పట్టదు. ఆ ఒక్క నిమిషానికి భయపడి ఏళ్లు పోగొట్టుకోవద్దు.

చికిత్స ఎలా ఉంటుంది?

తేలికగా ఉంటే అలవాట్లు మార్చుకుంటే చాలు. పగలు నీళ్లు సరిపడా తాగండి, పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి తగ్గించండి. రాత్రి టీ, కాఫీ, మద్యం మానండి. మలబద్ధకం లేకుండా చూసుకోండి. ఒకసారి పోశాక కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి.

మధ్యస్థంగా ఉంటే మాత్రలు. టామ్సులోసిన్ లాంటివి గొట్టం దగ్గర కండరాన్ని వదులు చేస్తాయి, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగవచ్చు కాబట్టి మంచం మీద కాసేపు కూర్చుని లేవండి. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ గ్రంథిని చిన్నది చేస్తాయి, వీటికి ఆరు నెలలు పట్టవచ్చు. నెల రోజులకే పనిచేయలేదని మానేయకండి. ఇవి వాడితే పీఎస్ఏ అంకె సగానికి పడిపోతుంది, పరీక్ష చేసేవారికి ఆ సంగతి చెప్పాలి.

కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్తున్నారా? టామ్సులోసిన్ వాడుతున్నా, ఇంతకుముందు వాడినా కంటి డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఆపరేషన్‌లో వాళ్లు తగిన జాగ్రత్త తీసుకుంటారు.

మాత్రలతో తగ్గకపోతే, మూత్రం ఆగిపోతుంటే, రాళ్లు పడితే ఆపరేషన్. ఎక్కువగా చేసేది టీయూఆర్‌పీ. పొట్ట కోయరు. మూత్రమార్గం గుండానే పరికరం పంపి అడ్డుగా ఉన్న భాగాన్ని తీసేస్తారు. ఒకటి రెండు రోజులు గొట్టం ఉంటుంది.

"ఆపరేషన్ అయితే మగతనం పోతుందట కదా?" బయటికి అడగకపోయినా అందరి మనసులో ఉండే ప్రశ్న ఇది. టీయూఆర్‌పీ తర్వాత చాలామందిలో అంగస్తంభన మునుపటిలాగే ఉంటుంది. అయితే వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్లడం ఎక్కువమందిలో జరుగుతుంది. దానివల్ల హాని లేదు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు మాత్రం ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

ఆరోగ్యశ్రీలో ఎలా చూపించుకోవాలి?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలు, ఆపరేషన్లకు ఇది ఆసరా.

1. ముందు మీ పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. షుగర్, మూత్ర పరీక్షలు అక్కడే మొదలుపెట్టవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ఆశా కార్యకర్తను అడగండి.

2. అవసరమైతే జిల్లా ఆస్పత్రికి లేదా యూరాలజీ విభాగం ఉన్న పెద్దాస్పత్రికి పంపిస్తారు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో యూరాలజీ ఉంది. క్యాన్సర్ అని తేలితే ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

3. ఆహార భద్రత కార్డు (రేషన్ కార్డు), ఆధార్, పాత రిపోర్టులు, మందుల చీటీలు వెంట ఉంచుకోండి.

4. ఆరోగ్యశ్రీ ఉన్న ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. డబ్బు కట్టే ముందే అక్కడికి వెళ్లండి. మీకు రాసిన చికిత్స పథకంలో ఉందా, అనుమతి వచ్చిందా అని అడిగి తెలుసుకోండి. అత్యవసరంగా చేరితే, చేరిన వెంటనే ఆరోగ్యమిత్రకు చెప్పండి.

5. పథకం కింద అనుమతి వచ్చిన చికిత్సకు ఎవరైనా డబ్బు అడిగితే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

6. రోజూ వేసుకునే మాత్రలను ప్రభుత్వ ఆస్పత్రి ఫార్మసీలో అడగండి. అక్కడ లేకపోతే జనఔషధి కేంద్రంలో బయటికంటే తక్కువ ధరకు దొరుకుతాయి.

చివరగా

జ్వరం వస్తే దాచుకోం, పంటి నొప్పి వస్తే దాచుకోం. మూత్రం ఇబ్బంది కూడా అలాంటిదే. మొదట్లో వస్తే మాత్రతో పోయేది, దాచుకుంటే గొట్టం దాకా, కిడ్నీ దాకా వెళుతుంది. ఈ వారంలోనే ఒకరోజు వీలు చేసుకుని చూపించుకోండి. మీకు ఇబ్బంది లేకపోతే, మీ ఊళ్లో రాత్రిళ్లు నిద్రలేని పెద్దాయన ఎవరో ఒకరుంటారు. ఈ పీడీఎఫ్ ఆయన కొడుకు ఫోన్‌కు పంపండి.