ఊరికి కెమెరా పట్టుకెళ్తున్నారా? కొనేముందు ఇవి చూసుకోండి

సెలవు మంజూరై టికెట్ చేతికొచ్చిందంటే మన గదుల్లో మొదలయ్యే చర్చ ఒక్కటే. ఈసారి ఇంటికి ఏం పట్టుకెళ్లాలి? సెంటు సీసాలు, ఖర్జూరం, పాలపొడి డబ్బా, మెత్తటి దుప్పటి... ఈ జాబితా ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు. ఒకప్పుడు ఇందులో జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా కూడా ఉండేది. బుర్ దుబాయ్ అల్ ఫహీదీ వీధిలోనో, రియాద్ బత్హాలోనో, కువైట్ హవల్లీలోనో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి కొనేవాళ్లం. ఊళ్లో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. పెళ్లికో పేరంటానికో బయటికి తీసేవారు.

తర్వాత సెల్‌ఫోన్ వచ్చి దాన్ని మింగేసింది. 2010లో అన్ని రకాలూ కలిపి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి మార్కెట్‌కు వెళ్లాయి. వాటిలో అత్యధికం ఈ జేబు కెమెరాలే. 2023 నాటికి జేబు కెమెరాల సంఖ్య 20 లక్షల లోపుకు పడిపోయింది. ఇక వీటి పని అయిపోయిందనుకుంటుండగా 2024లో మళ్లీ కాస్త పెరిగింది. కాలేజీ పిల్లలకు పాత కెమెరా ఫొటోలంటే మోజు పుట్టింది. "నాన్నా, వచ్చేటప్పుడు కెమెరా తే" అని ఫోన్లో అడిగే పిల్లలు మన ఇళ్లలోనూ కనిపిస్తున్నారు. అడిగిందే తడవుగా కొనేస్తే మాత్రం చేతులు కాలే ప్రమాదం ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అసలు అవసరమా?

ముందు ఉన్నమాట చెప్పుకుందాం. ఇంట్లో ఓ మోస్తరు మంచి ఫోన్ ఉంటే, పగటి వెలుగులో తీసే మామూలు ఫొటోకి చిన్న కెమెరా అంతకన్నా గొప్పగా చేసేదేమీ లేదు. చీకటి గదిలో అయితే ఫోనే ఒక మెట్టు పైన. ఒకేసారి చాలా ఫొటోలు తీసి, వాటన్నిటినీ కలిపి ఒక మంచి ఫొటోగా మార్చే తెలివి నేటి ఫోన్లకు ఉంది. చవక కెమెరాలకు ఆ తెలివి తక్కువ. కాబట్టి ఫోన్ కన్నా బాగా వస్తాయన్న ఒక్క ఆశతో చవక కెమెరా కొనకండి.

మరి ఎందుకు కొనాలి? మూడు కారణాలున్నాయి. మొదటిది జూమ్. స్కూల్ యాన్యువల్ డేలో స్టేజీ మీద పాప డాన్సు చేస్తుంటే, వెనక వరసలో కూర్చున్న అమ్మ చేతిలోని మామూలు ఫోన్‌కి ఆ ముఖం అందదు. 10 రెట్లు, 12 రెట్లు ఆప్టికల్ జూమ్ ఉన్న కెమెరాకి అందుతుంది. రెండోది, ఫోన్ ఇవ్వకూడని వయసు పిల్లలకు ఇది మంచి బహుమతి. ఇందులో రీల్స్ ఉండవు, ఆటలు ఉండవు, ముక్కూమొహం తెలియని వాళ్ల మెసేజీలు రావు.

మూడోది మనలాంటి వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం. రోజూ వీడియో కాల్‌లో పిల్లల్ని చూస్తూనే ఉన్నాం. కాల్ కట్ చేశాక మిగిలేదేమిటి? ఏమీ లేదు. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి వస్తాయి. ఫోన్ నిండిందని కొన్ని తీసేస్తాం, ఫోన్ పోతే అన్నీ పోతాయి. కొడుకు మొదటి పన్ను ఊడిన రోజు, అమ్మ చివరిసారి బతుకమ్మ పేర్చిన సాయంత్రం మనం అక్కడ లేం. వాటికి ఫొటో ఒక్కటే దిక్కు. అది తీయడానికే ఒక వస్తువు ఇంట్లో ఉంటే, తీసి దాచే అలవాటు కూడా వస్తుంది.

ఎవరికి ఇస్తున్నాం?

దుకాణానికి వెళ్లేముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లాడికైతే కిందపడినా తట్టుకునేది కావాలి. భార్యకైతే తేలికగా, హ్యాండ్‌బ్యాగులో ఇమిడేది. నాన్నకైతే పెద్ద మీటలు, పెద్ద తెర, ఆన్ చేసి నొక్కితే చాలు అన్నట్టు ఉండాలి. వాడే మనిషి చేతిని బట్టి కొనాలి గానీ మన సరదాని బట్టి కాదు.

మెగాపిక్సెల్ మాయ

"అన్నా, ఎన్ని మెగాపిక్సెల్స్?" ఇదే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న. నిజానికి చివర అడగాల్సింది. 4 అంగుళాలు, 6 అంగుళాల ఫొటో శుభ్రంగా ప్రింట్ కావాలంటే 2 మెగాపిక్సెల్స్ కన్నా కాస్త ఎక్కువ ఉంటే చాలు. గోడకు తగిలించే 8, 10 అంగుళాల ఫొటోకి ఏడెనిమిది సరిపోతాయి. 16 ఉన్న కెమెరా మన అవసరానికి మించి ఉన్నట్టే.

అసలు చూడాల్సింది లోపల ఉండే సెన్సర్ సైజు. వెలుగును పట్టేది అదే. మామూలు జేబు కెమెరాల్లో అది సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. '1 అంగుళం' రకం అని పిలిచేది 13.2, 8.8 మిల్లీమీటర్లు. అంటే వైశాల్యం నాలుగు రెట్లు. గదిలో, సాయంత్రం వేళ ఫొటోలు బాగా రావాలంటే ఈ రకమే మేలు. సోనీ ఆర్ఎక్స్100 వరస, క్యానన్ జీ7ఎక్స్ వరస ఇలాంటివే. ధర మాత్రం మన జీతాలకు బరువే.

జూమ్ విషయంలోనూ మాయ ఉంది. డబ్బా మీద ఆప్టికల్ జూమ్ ఎంత అని రాసిందో అదే లెక్క. డిజిటల్ జూమ్ అంటే ఉన్న ఫొటోను కత్తిరించి పెద్దది చేయడమే. పేరు తెలియని కంపెనీల కెమెరాలు '48 మెగాపిక్సెల్, 16 రెట్ల డిజిటల్ జూమ్' అని మెరిసే డబ్బాల్లో వస్తున్నాయి. చాలావాటిలో కదిలే లెన్సే ఉండదు. మేడిపండు చందం! ఆప్టికల్ జూమ్ అన్న మాట డబ్బా మీద లేకపోతే పక్కన పెట్టేయండి.

కొన్ని రకాలు చూద్దాం

కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45: 16 మెగాపిక్సెల్, 4 రెట్ల జూమ్. మామూలు పెన్సిల్ సెల్స్ రెండు వేస్తే నడుస్తుంది. ఊళ్లో ఏ కిరాణా కొట్లోనైనా సెల్స్ దొరుకుతాయి కాబట్టి పెద్దవాళ్లకు అనువైనది. మామూలు సెల్స్ త్వరగా అయిపోతాయి, ఛార్జ్ చేసుకునే సెల్స్ రెండు జతలు కొనిస్తే నయం. దీని అన్న లాంటిది ఎఫ్‌జెడ్55. అందులో 5 రెట్ల జూమ్, ఛార్జింగ్ బ్యాటరీ. ఒక్క విషయం. పాత కొడాక్ కంపెనీ సొంతంగా డిజిటల్ కెమెరాలు చేయడం 2012లోనే మానేసింది. ఇవి ఆ పేరు వాడుకునే లైసెన్సుతో వేరే సంస్థ అమ్ముతున్నవి.

క్యానన్ ఇక్సస్ 285: 20 మెగాపిక్సెల్, 12 రెట్ల జూమ్. 2016లో వచ్చింది. అమెరికాలో దీన్నే ఎల్ఫ్ 360 అంటారు. పిల్లల మోజు చూసి కంపెనీ 2025లో పేరు చివర ఒక అక్షరం చేర్చి దీన్ని మళ్లీ విడుదల చేసింది. లోపలి సరుకు చాలావరకు 2016 నాటిదే. మామూలు ఎస్‌డీ కార్డు బదులు మైక్రో ఎస్‌డీ పడుతుంది. అమెరికాలో తొలినాటి ధర 210 డాలర్లు, 2025లో 379 డాలర్లు. షాపువాడు "లేటెస్ట్ మోడల్" అంటే ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఓఎం సిస్టమ్ టీజీ-7: 2023లో వచ్చింది. 15 మీటర్ల లోతు నీళ్లలో పడినా తట్టుకుంటుంది. దుమ్ము చొరబడదు. లెన్స్ బయటికి పొడుచుకు రాదు. గోదావరి కాలువల్లో ఈతకొట్టే పిల్లలున్న ఇంటికి సరైనది. ధర ఎక్కువే గానీ మన్నిక ఉంది.

ఇక కుర్రకారు కలవరించే ఫుజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ జోలికి పోవద్దు. 2024లో అది వచ్చినప్పుడే ధర 1,599 డాలర్లు. పైగా జూమ్ లేదు. ఆ డబ్బుతో ఇంటిపైన ఇంకో గదికి సిమెంటు వస్తుంది.

సెకండ్ హ్యాండ్ అయితే

పాత కెమెరాలకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. కొనాలనుకుంటే షాపులోనే నాలుగు పరీక్షలు చేయండి. ఆన్ చేసి, ఆఫ్ చేసి పదిసార్లు లెన్స్ రాకపోకలు చూడండి. ఇక్కడి ఇసుక దుమ్ము ఆ సందుల్లో చేరితే లెన్స్ మధ్యలో ఇరుక్కుపోతుంది. కరకర చప్పుడొస్తే వద్దు. తెల్ల కాగితాన్ని ఫొటో తీసి నల్లమచ్చలు ఉన్నాయేమో చూడండి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి, ఆ రకం బ్యాటరీ ఇప్పటికీ దొరుకుతుందా అడగండి.

చివరిది కార్డు. పాత ఒలింపస్, ఫుజీలలో వాడే ఎక్స్‌డీ కార్డులు, పాత సోనీలలో వాడే మెమరీ స్టిక్‌లు ఇప్పుడు దొరకడం కష్టం. 2006కి ముందువి చాలావరకు 2 జీబీ దాటిన కార్డును గుర్తించవు. కెమెరా చవకగా వచ్చి కార్డు దొరక్కపోతే అలంకారానికి తప్ప పనికిరాదు. కొత్త కెమెరాకైతే పేరున్న కంపెనీ 32 జీబీ కార్డు చాలు. ఒక్కో ఫొటో 6 ఎంబీ అనుకున్నా 5 వేలకు పైగా పడతాయి.

బిల్లు, వారంటీ, ప్లగ్గు

వారంటీ కార్డు మీద ఏ దేశాల్లో చెల్లుతుందో రాసి ఉంటుంది. గల్ఫ్ దేశాల వరకే అని ఉంటే కరీంనగర్‌లోనో కడపలోనో రిపేరు మన ఖర్చే. స్టాంపు వేసిన బిల్లు అడిగి తీసుకోండి. ఛార్జర్ మీద '100-240' వోల్టులు అని ఉంటే మన కరెంటుకు సరిపోతుంది. ఇక్కడి మూడు చదరపు పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి గుండ్రటి సాకెట్లో దూరదు. ఒక అడాప్టర్ కూడా వేసుకోండి. యూఎస్‌బీ-సి తో ఛార్జయ్యేదైతే ఫోన్ ఛార్జరే సరిపోతుంది.

విమానంలో విడి బ్యాటరీలు చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచాలి. కెమెరా కూడా అందులోనే భద్రం. కస్టమ్స్ సంగతికొస్తే 2016 నాటి బ్యాగేజీ నిబంధనల్లో మనకు 50,000 రూపాయల విలువ వరకు సుంకం మినహాయింపు ఇచ్చారు. ఇలాంటి అంకెలు మారుతుంటాయి కనుక బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి. ఊళ్లో వాళ్ల కోసమని నాలుగైదు కెమెరాలు మోసుకెళ్తే వ్యాపార సరుకు అనుకునే వీలుంది.

ఇక్కడ పరీక్షించేటప్పుడు జాగ్రత్త

కొత్త కెమెరా చేతికి రాగానే కనిపించిందల్లా తీయాలనిపిస్తుంది. యూఏఈలో 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం, అనుమతి లేకుండా ఎదుటివారి ఫొటో తీసి వాళ్ల ఏకాంతానికి భంగం కలిగిస్తే కనీసం 6 నెలల జైలు, లేదా 1.5 లక్షల నుంచి 5 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ. మిగతా గల్ఫ్ దేశాల్లోనూ ఆడవాళ్లను, పోలీసులను, సైనిక స్థావరాలను, ప్రభుత్వ భవనాలను తీయడం చిక్కులు తెస్తుంది. గదిలో స్నేహితులనే తీసి చూసుకోండి, అదీ అడిగి.

ఇచ్చి ఊరుకుంటే సరిపోదు

డబ్బా చేతిలో పెట్టి వదిలేస్తే అది మళ్లీ బీరువాలోకే పోతుంది. సెలవులో మొదటి వారమే ఒక గంట కూర్చోబెట్టి నేర్పించండి. తేదీ, టైము ఊరి లెక్కకు మార్చండి. దుబాయ్ కన్నా గంటన్నర, రియాద్, కువైట్, దోహాల కన్నా రెండున్నర గంటలు మన టైము ముందు. ఇది సరిగా ఉంటే పదేళ్ల తర్వాత కూడా ఏ ఫొటో ఎప్పటిదో తెలుస్తుంది. ఫ్లాష్ మూడు నాలుగు మీటర్ల వరకే పనిచేస్తుందని, దగ్గరికి వెళ్లి తీయాలని చెప్పండి. ఏ మీట ఏం చేస్తుందో ఒక కాగితం మీద తెలుగులో రాసి డబ్బాలో పెట్టండి. మణికట్టుకు తాడు వేసుకోకుండా తీయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఇంకో అలవాటు చేయించండి. నెలకోసారి కార్డులోని ఫొటోలు కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించాలి. మూడు నెలలకోసారి మంచివి ఒక ఇరవై ఎంచి, టౌన్‌లోని కలర్ ల్యాబ్‌లో ప్రింట్ వేయించి ఆల్బమ్‌లో పెట్టాలి. వెనక పేరు, తేదీ రాయాలి. ఆ ఖర్చుకు నెలనెలా పంపే డబ్బులో ఒక చిన్న వాటా వేరుగా చెప్పి పంపండి.

అప్పుడు వచ్చే సెలవుకు మనం వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని తిరగేయడానికి ఒక పుస్తకం ఉంటుంది. మనం లేని రెండేళ్లు అందులో వరసగా, తేదీలతో సహా దొరుకుతాయి.