తుపాకీ... ఇక్కడ లైసెన్సు, అక్కడ హక్కు!

ఎన్నికల షెడ్యూలు వెలువడితే చాలు... కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న కొద్దిపాటి లైసెన్సు తుపాకులు బీరువాల్లోంచి బయటికొస్తాయి. పోలీసుస్టేషనుకు చేరతాయి. యజమాని చేతికి రసీదు మిగులుతుంది. ఓట్ల లెక్కింపు పూర్తయి, వారం గడిచాకగానీ అవి మళ్లీ బీరువా ఎక్కవు. 2024 మే 13న రాష్ట్రంలో జరిగిన పోలింగుకూ ఇదే పద్ధతి. బ్యాంకు కాపలాదారులకూ, పోటీల్లో పాల్గొనే షూటర్లకూ మినహాయింపు ఉంటుంది. మిగిలినవాళ్లలో ఎవరి దగ్గర ఆయుధం తీసుకోవాలో జిల్లాస్థాయి కమిటీ చూస్తుంది. మొత్తానికి ఆ తుపాకీ ఒక్కసారైనా పేలిందో లేదోగానీ, స్టేషనుకు వెళ్లే దారి మాత్రం దానికి బాగా తెలుసు!

ఈ పద్ధతి అన్యాయమంటూ బందరు రోడ్డు మీద బైఠాయించాలని ఎవరికీ అనిపించదు. ‘అసలు తుపాకులే వద్దు’ అంటూ పిల్లలతో ర్యాలీ తీయాలనీ అనిపించదు. డెల్టాలో రోడ్డెక్కడానికి కాలువ నీళ్లు, ధాన్యం ధర, ఎరువులు... కారణాలు బోలెడు. తుపాకీ ఆ జాబితాలో లేదు.

కానీ ఈ ఊళ్ల పిల్లలు వెళ్లి స్థిరపడుతున్న దేశంలో మాత్రం తుపాకీ కోసం వేలమంది రోడ్డెక్కుతారు. దానికి వ్యతిరేకంగా లక్షలమంది రోడ్డెక్కుతారు. టీవీలో ‘అమెరికాలో కాల్పులు’ అని అక్షరాలు పరుగెడితే ఇక్కడి తల్లిదండ్రులు ముందు చూసేది ఎంతమంది పోయారని కాదు, ఏ ఊళ్లో అని. తర్వాత ఫోను. అవతల రింగవుతుంటే ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అందుకే అక్కడి గొడవేమిటో ఇక్కడివాళ్లూ తెలుసుకోవాల్సి వస్తోంది.

రిచ్‌మండ్‌లో ఆ రోజు...

2020 జనవరి 20. వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్. ఎముకలు కొరికే చలి. తెల్లవారకముందే బస్సులు, ట్రక్కులు దిగుతున్నాయి. సుమారు 22 వేలమంది వచ్చారని అధికారుల లెక్క. చాలామంది భుజాన రైఫిళ్లు. చొక్కాల మీద నారింజ రంగు స్టిక్కర్లు... ‘తుపాకులు ప్రాణాలు కాపాడతాయి’ అని. శాసనసభ ఆవరణలోకి ఆయుధాలు తేకూడదని గవర్నరు రాల్ఫ్ నార్తమ్ అత్యవసర ఉత్తర్వులిచ్చారు. దాంతో ఆరువేల మంది దాకా ఆయుధాల్లేకుండా లోపలికి వెళితే, మిగతావాళ్లు తుపాకులతో కంచె బయట వీధుల్లోనే నిలబడ్డారు. రక్తపాతం జరుగుతుందని అంతా భయపడ్డారు. ఒక్క తూటా పేలలేదు. ముఖం కప్పుకున్న ముసుగు తీయలేదని ఒక్కరిని మాత్రం అరెస్టు చేశారు!

వీళ్లను తీసుకొచ్చింది పెద్ద పార్టీ ఏదీ కాదు. వర్జీనియా సిటిజన్స్ డిఫెన్స్ లీగ్ అనే రాష్ట్రస్థాయి సంఘం. ఏటా జనవరిలో ఒక సెలవురోజున సభ్యులు తమ ప్రాంత శాసనసభ్యుణ్ని కలిసి గోడు చెప్పుకోవడం వాళ్లకు అలవాటు. ఆ ఏడాది అది జాతరైంది. అంతకుముందు రెండు మూడు నెలలుగా వాళ్లు ఊరూరా తిరిగి, కౌంటీ సమావేశాల్లో కిక్కిరిసి కూర్చుని, తుపాకీ హక్కును దెబ్బతీసే చట్టాలను అమలు చేయబోమంటూ తీర్మానాలు చేయించారు. రాష్ట్రంలోని 95 కౌంటీల్లో 90కి పైగా అలా తీర్మానించాయి. మన దగ్గర మండల పరిషత్తులన్నీ కూడబలుక్కుని అసెంబ్లీ చేయబోయే చట్టాన్ని ముందే కాదన్నట్లు!

మరి అవతలి పక్షం? తుపాకీ కాల్పుల్లో చనిపోయినవారిని తలచుకుంటూ అదే రోజున ఏటా సంతాపసభ జరుపుకొనే బాధిత కుటుంబాలు ఆ ఏడాది దాన్ని రద్దుచేసుకున్నాయి. అన్ని తుపాకుల మధ్య ప్రశాంతంగా నిలబడలేమన్నది వాళ్ల భయం. తుపాకీ పేలకపోయినా దాని ప్రభావం ఉంటుందని చెప్పడానికి వాళ్లకు ఇంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. ‘చూశారా, ఎంత క్రమశిక్షణగా ఉన్నామో’ అని తుపాకీదారులు అన్నదీ అదే రోజు గురించే.

నారింజ టోపీలు, ఎర్ర చొక్కాలు

అమెరికా రాజ్యాంగంలో ఆయుధాలు కలిగి ఉండే హక్కును చెప్పే రెండో సవరణ 1791 నాటిది. ఆ హక్కుకు కాపలాదారుగా పేరుపడ్డ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మాత్రం 1871లో పుట్టింది... అదీ సైనికులకు గురి సరిగా కుదరడంలేదని, గురి నేర్పడానికి! (మన దగ్గరా ఇంచుమించు అదే పేరుతో ఒక సంఘం ఉంది. 1951లో ఏర్పాటైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. దానికి రాజకీయాలతో పనిలేదు, పతకాలతోనే.) అమెరికా సంఘం మలుపు తిరిగింది 1977లో. సిన్సినాటి నగరంలో వార్షిక సమావేశం. నాయకత్వం వేటకూ క్రీడకూ పరిమితమవుతోందని కినిసిన మామూలు సభ్యులు నారింజ రంగు టోపీలు పెట్టుకొచ్చి, తెల్లారేసరికి ఓట్లేసి పాత నాయకుల్ని ఇంటికి పంపేశారు. అప్పట్నుంచీ అది గురి నేర్పే సంఘం కాదు, ఎన్నికల్లో అభ్యర్థులకు మార్కులు వేసే సంఘం.

రెండోవైపు తల్లులు. 2000 మే 14న మాతృదినోత్సవంనాడు వాషింగ్టన్‌లో లక్షలమంది తల్లులు కదిలారు. ఆ ఊపు నిలవలేదు. 2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది కాల్పులకు బలయ్యారు. మర్నాడే ఇండియానాలో ఐదుగురు పిల్లల తల్లి షానన్ వాట్స్ ఇంట్లో కూర్చుని ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచారు. అదే ‘మామ్స్ డిమాండ్ యాక్షన్’గా ఎదిగింది. వాళ్ల గుర్తు ఎర్ర టీషర్టు. శాసనసభ కమిటీ ఏదైనా తుపాకీ బిల్లు చేపట్టిందంటే గదిలో ఒకపక్క ఎర్ర చొక్కాలు, మరోపక్క నారింజ స్టిక్కర్లు. కండువా రంగును బట్టి మనిషిని పోల్చుకునే మనకు కొత్తేమీ కాదు.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూల్లో 17 మంది చనిపోయాక పిల్లలే ముందుకొచ్చారు. మార్చి 24న వాషింగ్టన్ సభలో ఓ విద్యార్థి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవడం, జనమంతా ఏం జరిగిందో తెలియక చూస్తుండటం టీవీల్లో ప్రపంచమంతా చూసింది. మాటలూ మౌనమూ కలిపి 6 నిమిషాల 20 సెకన్లు. బడిలో కాల్పులు సాగింది అంతసేపు.

ఊరేగింపుల్లో ఎవరిది పైచేయి అన్నది ఎలా ఉన్నా, వర్జీనియాలో తేల్చింది ఓటు. 2019 మే 31న వర్జీనియా బీచ్ నగరపాలక కార్యాలయంలో ఓ ఇంజినీరు 12 మందిని కాల్చిచంపాడు. ఏదో ఒకటి చేయండని గవర్నరు జులైలో ప్రత్యేక సమావేశం పెడితే సభ గంటన్నరలో వాయిదా పడింది. నవంబరులో ఎన్నికలు. రిచ్‌మండ్ శివారు స్థానంలో సెనేట్‌కు గెలిచిన మహిళ పేరు గజాలా హష్మీ. పుట్టింది హైదరాబాద్‌లో! కాలేజీలో బోధన, నిర్వహణ తప్ప రాజకీయం ఎరగని ఆమె గెలుపుతో సహా ఆ ఎన్నికలు సభను డెమోక్రాట్ల చేతికిచ్చాయి. 2020 ఏప్రిల్‌లో చట్టాలు వచ్చాయి. తుపాకీ అమ్మేముందు కొనేవాడి పూర్వాపరాలు తప్పనిసరిగా విచారించాలి. చేతి తుపాకులు నెలకు ఒకటికి మించి కొనకూడదు. ప్రమాదకరంగా ప్రవర్తిస్తున్నవాడి దగ్గర ఉత్తర్వు తెచ్చి తుపాకీ తీసేసుకోవచ్చు. అయితే ఆ 22 వేలమంది రాక వృథాగా పోలేదు. సైనిక తరహా రైఫిళ్లను నిషేధించే బిల్లు ఆ ఫిబ్రవరిలో సెనేట్ కమిటీలోనే ఆగిపోయింది. అదీ సొంత పార్టీ సభ్యులు కొందరు వెనకడుగు వేయడంతో.

హష్మీ 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. పక్కనే ఉన్న మేరీలాండ్‌లో 2022లో అదే పదవికి ఎన్నికైన అరుణా మిల్లర్ కూడా హైదరాబాద్‌లో పుట్టిన మనిషే. పుట్టింటి పేరు కాట్రగడ్డ, మూలాలు కృష్ణా జిల్లావి. ఆమె ఉన్న ప్రభుత్వం 2023 మేలో జనసమ్మర్ద ప్రదేశాల్లోకి తుపాకీ తీసుకెళ్లడంపై ఆంక్షలు విధిస్తే, రైఫిల్ అసోసియేషన్ ఆరోజే కోర్టుకెక్కింది.

గాంధీజీని సాక్షిగా పిలిచి...

అలాగని మన దేశంలో తుపాకీదారులకు గొంతు లేదనుకుంటే పొరపాటు. నేషనల్ అసోసియేషన్ ఫర్ గన్ రైట్స్ ఇండియా పేరుతో వాళ్లకో సంఘముంది. వాళ్లు ముందుపెట్టే సాక్షి ఎవరో తెలుసా... మహాత్మాగాంధీ! 1878 నాటి ఆయుధాల చట్టం ఒక జాతినంతటినీ నిరాయుధం చేసిందని, బ్రిటిష్ పాలన చేసిన చెడ్డ పనుల్లో చరిత్ర దాన్ని మరీ నల్లగా చూస్తుందని ఆయన తన ఆత్మకథలో రాశారు. అహింసామూర్తిని తుపాకీకి సాక్షిగా తేవడం చిత్రంగా ఉన్నా, ఆ కోపం అబద్ధం కాదు. ఐరోపావాళ్లకు మినహాయింపునిచ్చి మనవాళ్లకు మాత్రం లైసెన్సు పెట్టిన చట్టమది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా దాడిచేసింది కూడా తుపాకుల కోసమే కదా.

1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి.కామత్ దాన్ని రాజ్యాంగంలో చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సవరణ వీగిపోయింది. రెండు దేశాల దారులు వేరైంది అక్కడే. 1959 చట్టం ప్రకారం మన దగ్గర తుపాకీ ఉండాలంటే కారణం చూపాలి. పోలీసు విచారణ జరగాలి. జిల్లాలో కలెక్టరు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు ఒప్పుకోవాలి. పంట కాపలాకు మందు దట్టించి పేల్చే తుపాకీని చట్టం గుర్తిస్తుంది. అడవి దగ్గరలేని డెల్టాలో ఆ అవసరం తక్కువే. ఇక్కడ చెప్పుకోగల కారణం ప్రాణభయం. 1988 డిసెంబరు 26న నిరాహారదీక్షలో ఉన్న వంగవీటి మోహనరంగా హత్య, ఆపైన చెలరేగిన అల్లర్లు, కర్ఫ్యూ గుర్తున్న తరానికి ఆ మాట ఉత్తుత్తి సాకుగా వినిపించదు.

2019లో కేంద్రం ఈ చట్టాన్ని సవరించబోయింది. అప్పటిదాకా ఒకరు మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. ఇకమీదట ఒకటే అన్నారు. గగ్గోలు పుట్టింది. తాతల నాటి తుపాకులు ఏం చేయాలని పాత సంస్థానాలవాళ్లు, సాధన ఎలా చేయాలని షూటర్లు. అప్పటి పంజాబ్ ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ మూడూ ఉండనివ్వమని కేంద్ర హోంమంత్రికి లేఖ రాశారు. చివరికి డిసెంబరులో చట్టం రెండు దగ్గర ఆగింది. క్రీడాకారులకు వెసులుబాటు ఇచ్చారు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచారు. పెళ్లిళ్లలో సరదాకి పేల్చి ఎవరి ప్రాణాలకైనా ముప్పు తెస్తే రెండేళ్ల వరకూ జైలు, లేదా లక్ష వరకూ జరిమానా, లేదా రెండూ.

ఇక్కడి తుపాకీదారుల వాదనలో తోసిపుచ్చలేని మాట ఒకటుంది. మన దేశంలో తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతో జరిగేవే. రసీదు తీసుకుని స్టేషనులో అప్పగించేవాడు హంతకుడు కాడు. నిజమే. కానీ అమెరికా చెప్పే లెక్క కూడా చూడాలి. స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017 అంచనా ప్రకారం అక్కడ ప్రతి వందమందికి పౌరుల దగ్గర 120 తుపాకులున్నాయి. మన దగ్గర దొంగవీ దొరవీ కలిపి అయిదు. 2023లో అక్కడ తుపాకీతో పోయినవాళ్లు 46 వేలకు పైనే. వాళ్లలో సగానికి మించి హతులు కారు, తమను తాము కాల్చుకున్నవాళ్లు. ఇంట్లో చేతికందేలా ఉన్న ఆయుధం దొంగకంటే ముందు ఇంట్లోవాళ్లకే ఎక్కువ ముప్పు తెస్తోంది. ఏ ఊరేగింపులోనూ గట్టిగా వినిపించని సంగతి ఇది.

మనవాళ్లు ఏ పక్షం?

2023 ఏప్రిల్‌లో కొలంబస్‌లో పెట్రోలు బంకులో పనిచేస్తున్న ఏలూరు ప్రాంత విద్యార్థి, మే 6న టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో హైదరాబాద్ కుటుంబానికి చెందిన యువ ఇంజినీరు కాల్పుల్లో చనిపోయారు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి చేతి తుపాకీ వెంట ఉంచుకోవడానికి 21 ఏళ్లు దాటినవారికి అనుమతిపత్రం కూడా అక్కర్లేదు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఫోనులో ‘నువ్వూ ఒకటి కొనుక్కోరాదా’ అనే తండ్రి, ‘వద్దురా, వచ్చేయ్’ అనే తల్లి ఉండనే ఉంటారు.

తండ్రికి తెలియని సంగతేమిటంటే... కొడుకు కొనలేడు. విద్యార్థి వీసా మీదో, హెచ్-1బి మీదో ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చాకే ఆ దారి తెరుచుకుంటుంది. ఓటు హక్కు పౌరసత్వం వచ్చాకే. రిచ్‌మండ్ వీధుల్లో రెండు పక్షాలూ కొట్లాడుకున్న హక్కులో మనవాడికి వాటా లేదు. దాన్ని మార్చే ఓటూ లేదు. రాత్రి షిఫ్టు మాత్రం ఉంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేత్‌లో హైదరాబాద్ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘మా దేశం నుంచి పో’ అంటూ ఒకడు కాల్చిచంపాడు. స్నేహితుడు ఆలోక్ గాయపడ్డాడు. అడ్డుపడ్డ ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. అతను ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని భారతీయులు లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. భార్య సునయన దుమాల భౌతికకాయంతో హైదరాబాద్ వచ్చి, కర్మకాండ ముగిశాక తిరిగి వెళ్లబోతే ఒక ప్రశ్న ఎదురైంది. ఆమె వీసా భర్త ఉద్యోగం మీద ఆధారపడింది. భర్తే లేకపోతే ఆ వీసా ఎక్కడిది? కాన్సస్ నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన కెవిన్ యోడర్ అనే రిపబ్లికన్ నాయకుడు పూనుకుని అధికారులతో మాట్లాడాకే ఆమె తిరిగి ఒలేత్ చేరగలిగారు. అక్కడే ఉద్యోగం చేసుకుంటూ, వలసవచ్చినవాళ్లనూ స్థానికులనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే ‘ఫరెవర్ వెల్కమ్’ అనే సంస్థను ప్రారంభించారు.